మన ఎండల్లో ఇంటి బ్రెడ్ చేసుకోవడం ఎలా

ఇంట్లో బ్రెడ్ చేయాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, ఇటుకలా గట్టిగా వచ్చిందనో, మధ్యలో కుంగిపోయిందనో, పుల్లటి వాసన వేసిందనో, ఇక మనవల్ల కాదని వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఏం చేశారో వివరంగా అడిగితే ఎక్కువసార్లు ఒకటే తేలుతుంది. రెసిపీలో "గంటన్నర పక్కన పెట్టండి" అని ఉంది కాబట్టి సరిగ్గా గంటన్నర పెట్టారు. ఆ రెసిపీ రాసినవాళ్ళ వంటింట్లో 20, 22 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో స్టవ్ వెలిగించకముందే 36, 37 ఉంటుంది. అక్కడ గంటన్నర పట్టే పని ఇక్కడ నలభై నిమిషాల్లో అయిపోతుంది, మిగతా యాభై నిమిషాలూ ముద్ద పాడవుతూ కూర్చుంటుంది.

నేను మొదటిసారి చేసింది కూడా మే నెలలోనే. టైము ప్రకారం మూత తీస్తే ముద్ద గిన్నె అంచు దాకా పొంగి, పైన బుడగలు పగిలిపోయి, కల్లు వాసన గుప్పుమంది. అయినా రెసిపీ మీద నమ్మకంతో దాన్నే టిన్నులో సర్ది ఇంకో గంట ఉంచాను. ఓవెన్లో పెట్టిన పది నిమిషాలకి, అద్దంలోంచి నేను చూస్తుండగానే, ఉబ్బిన పైభాగం మెల్లగా కిందికి దిగిపోయి పళ్ళెంలా అయింది. అప్పటినుంచి గడియారం చూడటం తగ్గించి ముద్దను చూడటం నేర్చుకున్నాను. మీకూ అదే చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

నిజానికి ఈ పని మనకు కొత్తేం కాదు. ఎండాకాలంలో రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లుతుందని, డిసెంబరులో అదే పిండి పొద్దున ఎనిమిదైనా కదలదని మన ఇళ్ళల్లో ఎవరూ పుస్తకం చూసి తెలుసుకోలేదు. కాలాన్ని బట్టి గిన్నె ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఫ్రిజ్‌లోకి తోయాలో అమ్మకి చూడగానే తెలిసిపోతుంది. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా బ్యాక్టీరియా, బ్రెడ్డుని పొంగించేది ఈస్ట్. అవి వదిలే గాలిని అక్కడ మినప్పిండి జిగురు పట్టి ఉంచుతుంది, ఇక్కడ గోధుమలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. ఆ చూసే కన్ను మీకు ఇప్పటికే ఉంది, దాన్ని బ్రెడ్ మీదికి తిప్పితే చాలు.

కొలతలు

ముందు ఒక చిన్న డిజిటల్ తూకం మిషన్ కొనుక్కోండి. కప్పుతో కొలిస్తే, ఎంత వదులుగా నింపారు, ఎంత కూరి నింపారు అన్నదాన్ని బట్టి ఒకే కప్పులో మైదా 120 గ్రాములూ పడుతుంది, 150 గ్రాములూ పడుతుంది. కూరలో ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు, బ్రెడ్డులో మాత్రం అదే మొత్తం మార్చేస్తుంది.

ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉన్న మామూలు బ్రెడ్ టిన్నుకి నేను వాడేది ఇది: మైదా 350 గ్రాములు, నీళ్ళు 225 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు, పంచదార 15 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు, మెత్తబడిన వెన్న 25 గ్రాములు. వెన్న లేకపోతే వాసన లేని నూనె ఏదైనా సరే. నీళ్ళలో సగం పాలు కలిపితే ఇంకాస్త మెత్తగా వస్తుంది, కాచి చల్లార్చిన పాలే వాడండి, పచ్చిపాలలో ఉండే కొన్ని ప్రోటీన్లు ముద్దని జారుగా చేస్తాయి. వేసవిలో ఈస్ట్ సగానికి తగ్గించండి, 2 గ్రాములు చాలు.

టిన్ను సైజు మారినా లెక్క మారదు. పిండిని వంద అనుకుంటే నీళ్ళు 65, ఉప్పు 2, ఈస్ట్ 1. బేకరీల్లో లెక్క కట్టేది ఇలాగే. ఉప్పు తగ్గిద్దాం అనుకోకండి, రుచి ఒక్కటే కాదు, ఈస్ట్ పరుగుని అదుపులో పెట్టేదీ గ్లూటెన్‌ని బిగించేదీ ఉప్పే. ఉప్పు మర్చిపోయిన ముద్ద చేతికి అతుక్కుంటూ జారిపోతూ ఉంటుంది, ఒకసారి అనుభవిస్తే మళ్ళీ మర్చిపోరు.

ఈస్ట్ గురించి రెండు మాటలు. పెద్ద గుళికల్లా ఉండేది యాక్టివ్ డ్రై ఈస్ట్, దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పంచదారతో కలిపి పది నిమిషాలు ఉంచితే పైన నురగ తేలాలి. సన్నటి రవ్వలా ఉండేది ఇన్‌స్టంట్, దాన్ని నేరుగా పిండిలో కలిపేయొచ్చు. ఏ రకమైనా, ప్యాకెట్ తెరిచి చాలా రోజులైతే మాత్రం నురగ పరీక్ష చేయకుండా పిండి తడపకండి. గోరువెచ్చగా అంటే పసిపిల్లలకి పట్టే పాలంత, మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడి తెలియకూడదు. 55, 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు ఉంచినా పొంగదు. తెరిచిన ఈస్ట్‌ని గాజు సీసాలో బిగించి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది, బయట పెడితే మన వేడికి తొందరగా నీరసపడిపోతుంది.

ముద్ద కలపడం

వెన్న తప్ప మిగతావన్నీ గిన్నెలో వేసి పొడిపిండి కనబడకుండా చేత్తో కలిపేయండి. ఉప్పు ఒక పక్కన, ఈస్ట్ ఇంకో పక్కన వేసి, తర్వాత కలపండి. ఇప్పుడు అది గరుకుగా, ముద్దలు ముద్దలుగా, చూడటానికి బాగుండదు. అలాగే మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ ఇరవై నిమిషాల్లో పిండి నీళ్ళు తాగి, గ్లూటెన్ తనంతట తానే అల్లుకోవడం మొదలుపెడుతుంది, మీ చేతుల పని సగం తగ్గుతుంది.

తర్వాత వెన్న వేసి పిసకడం. ఇక్కడే మన చపాతీ అలవాటు దెబ్బ తీస్తుంది. ముద్ద చేతికి అంటుకోగానే గుప్పెడు పొడిపిండి చల్లేస్తాం. మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ చల్లుతాం. అలా చల్లీ చల్లీ 65 పాళ్ళు ఉన్న నీళ్ళని 55కి దించేసి, చివరికి బ్రెడ్ గట్టిగా వచ్చిందని బాధపడతాం. దయచేసి పొడిపిండి డబ్బాని దూరంగా పెట్టేయండి. అంటుకుంటే చేతికి రెండు చుక్కలు నూనె రాసుకోండి, లేదా తడి చేసుకోండి, లేదా ఐదు నిమిషాలు ముద్దను వదిలేసి రండి, దానంతట అదే సర్దుకుంటుంది.

పిసికే పద్ధతి: అరచేతి మొదలుతో ముద్దని ముందుకి తొయ్యాలి, అలా సాగిన భాగాన్ని మీ వైపుకి మడవాలి, పావు వంతు తిప్పాలి, మళ్ళీ తొయ్యాలి. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదటి మూడు నాలుగు నిమిషాలు వెన్న జారుతూ ముద్ద చిరిగిపోతూ ఉంటుంది, చెడిపోయిందేమో అని టెన్షన్ పడేది ఇక్కడే, ఆపకండి. ఆరో నిమిషానికి వెన్న లోపలికి ఇంకిపోయి గట్టు మీద అంటుకోవడం తగ్గుతుంది. పదో నిమిషానికి పైచర్మం నునుపుగా, చెవి తమ్మె అంత మెత్తగా అవుతుంది, వేలితో నొక్కితే వెనక్కి లేస్తుంది.

అయిందో లేదో చూడాలంటే నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా నాలుగు వైపులా సాగదీయండి. బొబ్బట్ల తోపు ఎలా సాగుతుందో మీకు తెలుసు కదా, లోపలి పూర్ణం రంగు కనబడేంత పల్చగా సాగినా చిరగదు, అచ్చం అలా సాగాలి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వెనక మీ వేళ్ళ నీడ కనబడాలి. ముందే చిరిగిపోతే ఇంకో మూడు నిమిషాలు పిసకండి. తోపుని నానబెట్టి, నూనె పోసి, సాగేదాకా ఓపికపట్టే చేతులకి ఇది కష్టమైన పని కాదు.

పొంగడం

ముద్దని గుండ్రంగా చేసి నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత వేయండి. ఇప్పుడు ముద్ద రెట్టింపు అవ్వాలి, అంతే. ఎంతసేపు అన్నది మీ ఊరు, మీ నెల, మీ వంటిల్లు చెబుతాయి. నా అనుభవంలో 37, 38 డిగ్రీల్లో తక్కువ ఈస్ట్ వేసినా నలభై, నలభై ఐదు నిమిషాలు, వర్షాకాలంలో 28, 30 ఉన్నప్పుడు గంటకి కాస్త అటూ ఇటూ, హైదరాబాద్‌లో జనవరి పొద్దున్న పూట అయితే రెండు గంటలు కూడా పట్టొచ్చు.

రెట్టింపు అయిందో లేదో గుండ్రటి గిన్నెలో కంటికి తెలియదు. అందుకే నేను ఉసిరికాయంత ముద్ద తుంచి, నిలువుగా ఉండే చిన్న గాజు గ్లాసులో అడుక్కి నొక్కేసి, అది ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక రబ్బరు బ్యాండు వేసి, గిన్నె పక్కనే పెడతాను. గ్లాసులో ముద్ద రబ్బరు బ్యాండుకి రెట్టింపు ఎత్తుకి వచ్చిందంటే గిన్నెలోదీ వచ్చినట్టే. ఇంకో పరీక్ష, పిండి అద్దిన వేలిని ముద్దలోకి అర అంగుళం దించి తీయండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. నెమ్మదిగా సగం పూడి ఆగితే సరిగ్గా ఉంది. అసలు పూడకుండా ముద్ద ఉస్సుమని దిగిపోతే ఆలస్యమైంది. అలా అయినా పారేయకండి, మళ్ళీ గట్టిగా పిసికి, పల్చగా ఒత్తి, పెనం మీదో ఓవెన్లోనో రొట్టెల్లా కాల్చుకుంటే బాగానే ఉంటాయి.

ఎండాకాలంలో రెండు పనులు చేయండి. ఒకటి, కలిపే నీళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసినవి వాడండి, పిసికేటప్పుడు చేతి వేడి, గది వేడి కలిసి ముద్ద ఎలాగూ వేడెక్కుతుంది. రెండోది నాకు బాగా ఇష్టమైనది. రాత్రి భోజనాలయ్యాక ముద్ద కలిపి, పదిహేను నిమిషాలు బయట ఉంచి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. చల్లదనానికి ఈస్ట్ నెమ్మదిస్తుంది, రాత్రంతా నిదానంగా పొంగుతుంది, రుచి కూడా లోతుగా వస్తుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు టిన్నులో సర్దుకుని కాల్చుకోవచ్చు. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఓవెన్ వెలిగించాల్సిన బాధ కూడా తప్పుతుంది. ముద్ద బయట పొంగుతుండగా కరెంటు పోయి, ఓవెన్ ఎప్పుడు వెలిగించగలమో తెలియకపోయినా ఇదే మందు, వెంటనే ఫ్రిజ్‌లోకి పంపేయండి, కరెంటు లేకపోయినా తలుపు తీయకపోతే చల్లదనం ఉంటుంది.

చలికాలంలో దీనికి తిరగేసి చేయాలి. ఆపి ఉన్న ఓవెన్లో ముద్ద గిన్నె పెట్టి, పక్కన ఒక గిన్నెడు మరిగించిన నీళ్ళు పెట్టి తలుపు మూసేస్తే అదే వెచ్చటి గది.

టిన్నులో సర్దడం, కాల్చడం

పొంగిన ముద్దని గట్టు మీదికి దించి, అరచేతులతో నొక్కి పెద్ద బుడగలు పోగొట్టి, టిన్ను పొడవంత వెడల్పున్న దీర్ఘచతురస్రంలా పరవండి. ఒక చివర నుంచి చాప చుట్టినట్టు బిగువుగా చుట్టుకుంటూ రండి, ప్రతి చుట్టుకీ బొటనవేళ్ళతో లోపలికి అదమండి. ఆఖరి అంచుని గిల్లి అతికించి, ఆ అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్నులో పెట్టండి. చుట్టు వదులుగా ఉంటే కోసినప్పుడు మధ్యలో సొరంగంలా కన్నాలు కనబడతాయి.

రెండోసారి పొంగడం మొదటిదానికన్నా తొందరగా అవుతుంది, వేసవిలో అరగంట కూడా పట్టకపోవచ్చు (ఫ్రిజ్ ముద్ద అయితే చల్లదనం పోవాలి కాబట్టి గంట దాటుతుంది). ముద్ద మధ్యభాగం టిన్ను అంచుకి ముప్పావు అంగుళం, అంగుళం పైకి రాగానే ఓవెన్లోకి వెళ్ళిపోవాలి. అప్పటికి ఓవెన్ సిద్ధంగా లేకపోతే అది వేడెక్కే పదిహేను నిమిషాల్లో ముద్ద దాటిపోతుంది. అందుకని వేసవిలో ముద్ద చుట్టి టిన్నులో పెట్టిన పది నిమిషాలకే ఓవెన్ ఆన్ చేసేయండి.

ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) అయితే పైనా కిందా రెండు రాడ్లూ పెట్టి 200 డిగ్రీలకి వేడి చేసి, టిన్నుని కింది అరలో పెట్టి, 190కి తగ్గించి 30 నుంచి 35 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పైరాడ్డు బ్రెడ్డుకి మరీ దగ్గరగా ఉంటుంది, ఇరవై నిమిషాలకే పైన ముదురు రంగు వచ్చేస్తుంది, అప్పుడు పైన ఒక అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. రంగు వచ్చింది కదా అని తీసేస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. మొదటి ఇరవై నిమిషాలు తలుపు అసలు తీయకండి. డయల్ మీద 200 అని ఉన్నా లోపల 180 ఉండొచ్చు, 220 ఉండొచ్చు, లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి ఉంటే మీ ఓవెన్ గుణం తెలిసిపోతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్ళు కన్వెక్షన్ మోడ్ ఒక్కటే వాడి, పొట్టి స్టాండు మీద 180లో కాల్చండి. మైక్రో మోడ్ కలిపితే రబ్బరులా అవుతుంది.

టిన్నులోంచి తీసి అడుగున వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం రావాలి, ఖాళీ కుండని తట్టినట్టు. థర్మామీటర్ గుచ్చితే మధ్యలో 93 నుంచి 96 డిగ్రీలు ఉండాలి. ఐదు నిమిషాలకంటే ఎక్కువ టిన్నులో వదిలేయకండి, ఆవిరి పోయే దారి లేక పక్కలు తడిసి మెత్తబడిపోతాయి. జాలీ స్టాండు లేకపోతే కొనక్కర్లేదు, ఆరిన గ్యాస్ స్టవ్ మీది ఇనప స్టాండు కడిగి దాని మీద పెట్టండి, కింద నుంచి గాలి చక్కగా ఆడుతుంది.

వేడి మీద కోయొద్దు. ఇల్లంతా ఆ వాసన ఉన్నప్పుడు ఇది చాలా కష్టమైన మాట, పిల్లలు ఉంటే ఇంకా కష్టం, అయినా గంటన్నర ఆగండి. లోపలి పిండిపదార్థం చల్లారుతూ గట్టిపడుతుంది, ఆలోపు కోస్తే కత్తికి జిగురులా చుట్టుకుని, బాగా కాలిన బ్రెడ్ కూడా పచ్చిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కోసేటప్పుడు రంపం పళ్ళ కత్తితో, నొక్కకుండా, ముందుకీ వెనక్కీ ఆడించాలి.

గోధుమపిండితో చేయాలంటే

అందరూ అడిగేది ఇదే. మొదటిసారే పూర్తి గోధుమపిండితో మొదలుపెట్టకండి, సగం సగం వేసుకోండి. మనం మరలో పట్టించుకునే పిండి, ప్యాకెట్లో వచ్చే చక్కీ ఆటా రెండూ రాళ్ళ మధ్య బాగా నలిగిన పిండి, పైగా పొట్టు ఉంటుంది, అందుకని ఎక్కువ నీళ్ళు తాగుతాయి. సగం సగానికి 350 గ్రాముల మీద 245, 250 గ్రాముల నీళ్ళు పడతాయి, పూర్తి ఆటాకి 270 దాకా. కలిపాక ఇరవై నిమిషాలు కాకుండా నలభై నిమిషాలు నాననివ్వండి, పొట్టు మెత్తబడితే గ్లూటెన్ పోగుల్ని కోయడం తగ్గుతుంది. మైదా బ్రెడ్ అంత ఎత్తు రాదు, ఆ ఆశ పెట్టుకోకండి, రుచి మాత్రం చాలా బాగుంటుంది. రాగి, జొన్న పిండుల్లో గ్లూటెన్ లేదు. 350లో 50 గ్రాములు కలపండి, అంతకి మించితే పొంగిన గాలిని పట్టుకునేది ఉండదు.

బయట కొన్న బ్రెడ్ అంత దూదిలా, వారం రోజులపాటు అలాగే ఎందుకు ఉండదని కూడా అడుగుతారు. వాటిలో మెత్తగా ఉంచేవీ, బూజు పట్టకుండా ఆపేవీ కలుపుతారు, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి చూడండి. ముద్ద బాగా లేవడానికి పొటాషియం బ్రోమేట్ కూడా ఒకప్పుడు వాడేవాళ్ళు, 2016లో మన దేశంలో దాన్ని నిషేధించారు. ఇంటి బ్రెడ్డులో ఇవేవీ లేవు కాబట్టి బయట రెండు రోజులే ఉంచండి, సముద్రం దగ్గరి ఊళ్ళలో వర్షాకాలమైతే అంతకన్నా తక్కువ. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యంగా పడుతుంది కానీ బయటకన్నా తొందరగా బిరుసెక్కుతుంది. చల్లారాక మొత్తం ముక్కలు కోసి, కవర్లో కట్టి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మంచి పద్ధతి, కావాల్సినప్పుడు తీసి నేరుగా పెనం మీద వేసి కాస్త నెయ్యితో కాల్చుకుంటే ఆ రోజు చేసినట్టే ఉంటుంది.

బిరుసెక్కిన ముక్కలు మిగిలితే డబుల్ కా మీఠాకి తీసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో బ్రెడ్డుని డబుల్ రోటీ అంటారు, ఆ పేరే ఈ తీపికి వచ్చింది. తాజా ముక్కలు నూనె పీల్చేసి పాకంలో విడిపోతాయి, రెండు రోజుల ఇంటి బ్రెడ్ నెయ్యిలో ఎర్రగా వేగి, పాలూ పాకం తాగి కూడా ముక్క ముక్కగానే నిలబడుతుంది.